నలభై సెకన్ల పెట్టె

భ్రమరాంబ గొంతులో కాయ తీసేశాక డాక్టరు రెండు మాటలు చెప్పాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా పాడుకోవచ్చు. గొంతెత్తి పాడితే మాత్రం లోపలి తీగ చిరుగుతుంది, చిరిగింది మళ్ళీ అతకదు.

"మరి వన్స్ మోర్ అంటేనో?" అని అడిగింది భ్రమరాంబ.

డాక్టరు నాటకాలు చూసిన మనిషి కాదు. "వద్దని చెప్పండి," అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వింది. పక్కన కూర్చున్న మొగుడు కోటిలింగం నవ్వలేదు. పద్యనాటకంలో జనం వన్స్ మోర్ అంటే వద్దన్న నటి తెనాలి చుట్టుపక్కల ఇంతవరకూ లేదు. పద్యం నచ్చితే మళ్ళీ పాడమంటారు. స్టేజీ మీద చచ్చి పడున్న రాజు కూడా లేచి, పద్యం ఇంకోసారి పాడి, మళ్ళీ చావాల్సిందే.

భ్రమరాంబ ముప్ఫై ఏళ్ళుగా రాణి వేషం కడుతోంది. చచ్చిన కొడుకుని ఒళ్ళో వేసుకుని ఏడ్చే కాటి సీను ఆవిడ సొత్తు. కోటిలింగం ఆ నాటకాలకి మైకు సెట్టు పెట్టేవాడు. ఆవిడ పేరుకి సగం కారణం తన సెట్టే అని అతని నమ్మకం. ఆవిడ ముందు ఆ మాట పైకి అంటే ఊరుకునేది కాదు.

"నువ్వూ నీ మైకూ రాకముందే నా పద్యం చివరి వరసకి వినపడింది," అనేది. "పదహారేళ్ళప్పుడు పాక కింద, పెట్రోమాక్సు లైటు ముందర పాడాను. అప్పుడు నువ్వు ఏడున్నావయ్యా? పకోడీలు తింటన్నావేమో ఆ చివరి వరసలో."

నిజంగానే ఆ రోజు అతను చివరి వరసలో ఉన్నాడు. వినపడింది కూడా. ఆ సంగతి పెళ్ళానికి ఎన్నడూ చెప్పలేదు.

ఆపరేషన్ తర్వాత లెక్క మారింది. ఇప్పుడు ఆవిడ గొంతు మూడో వరస దాటదు. మైకు కావాలి, మైకు వెనక కోటిలింగం డిలే పెట్టె కావాలి. మద్రాసులో మూతపడిన రికార్డింగ్ స్టూడియో తుక్కులోంచి ఏరి తెచ్చుకున్నాడు దాన్ని. ఇనప పెట్టె, ముందు వరసగా బొత్తాలు, ఎర్ర అంకెలు. మిగతా మైకు సెట్లవాళ్ళు కొత్త మిక్సర్లు కొన్నారు, వాటిలోనే ఎకో వచ్చేస్తుంది. కోటిలింగానికి ఆ ఎకో నచ్చదు. అది అద్దానికి తగిలి వచ్చినట్టుంటుంది. ఈ పెట్టెలో ఎకో మట్టిగోడకి తగిలి వస్తుంది. ఆ మట్టిగోడ ఆనుకుని నిలబడితేనే భ్రమరాంబ గొంతుకి పాత ఒళ్ళు వచ్చేది.

పెట్టె చేసే పని కష్టమైనదేమీ కాదు. లోపల గుండ్రంగా పేర్చిన గిన్నెలున్నాయనుకోండి. ఒక చెయ్యి తిరుగుతూ గిన్నెల్లో శబ్దం పోస్తుంది. దాని వెనకే తిరుగుతూ ఇంకో చెయ్యి ఒంపుతుంది. రెండు చేతులకీ ఎంత ఎడం ఉంటే ఎకో అంత ఆలస్యంగా వస్తుంది. పెట్టెతో వచ్చిన ఎడం ఒక్క సెకను. లోపలి క్లాకుని నిదానం చేస్తే చేతులు మెల్లగా తిరుగుతాయి, ఎడం పెరుగుతుంది. కాకపోతే గొంతు మీద గోనెపట్టా కప్పినట్టు మసకబారుతుంది, దూరమవుతుంది. ఆ మసక కోటిలింగం చెవికి ఏళ్ళ తరబడి అలవాటు.

అతనికి నలభై సెకన్లు కావాలి. రాగంతో కలిపి కాటి సీను పద్యం అంతే. పద్యం మొత్తం పెట్టెలో పట్టి ఉంచితే, జనం వన్స్ మోర్ అనగానే మీట నొక్కొచ్చు. భ్రమరాంబ పెదాలు కదిపితే చాలు. పాత కంప్యూటర్లు విప్పి మెమరీ చిప్పులు పీకాడు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, కాళ్ళు కలిపి, సీసంతో అతికాడు. క్లాకుని ఇంకా నిదానం చేశాడు. రెండు నెలలు పట్టింది.

ఇంట్లోనే రిహార్సల్ పెట్టి చూపించాడు. పెట్టె భ్రమరాంబ పద్యాన్ని ఆవిడకే వినిపించింది. ఆవిడ చేతులు కట్టుకుని చివరిదాకా వింది.

"ఇదేంది?"

"నీ పద్యమే. రెండోసారి నువ్వు పాడక్కర్లేదు."

"నా ఎంగిలి నాచేతే తినిపిస్తావా?" అంది. "నోరు కదుపుతా నిలబడతానికి నేనేమన్నా తోలుబొమ్మనా? నువ్వు పీకి చేసిన పనులన్నిట్లోకీ ఇది కనాకష్టం. తీసెయ్."

అతను తీసెయ్యలేదు. ఆవిడ వంటింట్లోకి పోయాక మళ్ళీ విప్పాడు. పంతంలో ఉన్నవాడి చెయ్యి కుదురుగా ఉండదు. చిప్పుల దగ్గర రెండు తీగలు తారుమారుగా అతికాడు. ఒంపే చెయ్యి పోసే చేతికి వెనక ఉండాల్సింది, ముందుకు పోయింది. ఆ చేతికి ఖాళీ గిన్నెలే తగలాలి. హెడ్‌ఫోను చెవికి పెట్టుకుంటే, స్టీలు గ్లాసు నేల మీద పడి దొర్లిన చప్పుడు వినపడింది.

అతను తలెత్తి చూశాడు. ఏదీ పడలేదు. బల్ల మీద మైకు, దాని పక్కన తను. తప్పు తీగ ఎక్కడుందా అని వెతుకుతుంటే వంటింట్లో గ్లాసు పడింది. దొర్లింది. అదే చప్పుడు, అన్నే దొర్లుళ్ళు.

రెండు రోజులు ఆ హెడ్‌ఫోను తియ్యలేదు. కుక్కరు కూత ముందు చెవిలో, నలభై సెకన్ల తర్వాత ఇంట్లో. వీధిలో ఐసు బండి గంట కూడా అంతే. ఒకసారి భ్రమరాంబ గొంతు మసగ్గా, "ఆ పెట్టెతోనే కాపరం చేసుకో, నేను మా చెల్లెలింటికి పోతన్నా," అంది. అతను గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఆ మాటలే అదే వరసలో అంది. అతను కన్నార్పకుండా తనకేసే చూస్తున్నాడని ఇంకా మండింది ఆవిడకి.

మూడో రోజు మళ్ళీ గ్లాసు చప్పుడు వినపడింది, ఈసారి చాలా దగ్గరగా. ఇంట్లో బల్ల దగ్గరున్న గ్లాసు ఒక్కటే. అతను దాన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుని కూర్చున్నాడు. ఎట్లా పడుతుందో చూద్దామనుకున్నాడు. ముప్ఫై ఎనిమిదో సెకనుకి భ్రమరాంబ వచ్చింది.

"పొద్దున్నించీ పని లేదు పాటు లేదు, ఖాళీ గ్లాసు కౌగిలించుకుని కూర్చున్నాడు మనిషి," అంటూ చేతి మీద ఒక్కటిచ్చింది. గ్లాసు పడింది. దొర్లింది.

ఆ గ్లాసు చెప్పింది బుద్ధున్నవాడికి చాలు. పెట్టెలో పడింది జరిగి తీరుతుంది, ఆపబోయిన చెయ్యే దాన్ని జరిపిస్తుంది. కోటిలింగం మరోలా అర్థం చేసుకున్నాడు. గ్లాసుని పట్టుకున్నాను గానీ పెళ్ళాన్ని పట్టుకోలేదు, ఈసారి అసలు కారణాన్నే పట్టుకోవాలి అనుకున్నాడు. నలభై సెకన్లు ముందు తెలిస్తే ఆవిడ గొంతుకి కాపలా కాయొచ్చు. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే ఆ పెట్టెని బావిలో వేసేది.

ఆపరేషన్ తర్వాత మొదటి ఆట ఒక ఆదివారం మధ్యాహ్నం కుదిరింది. టౌను హాలు, సన్మానం, ఆ తర్వాత కాటి సీను ఒక్కటే. జనం గోడల వెంట కూడా నిలబడ్డారు. కోటిలింగం హాలు చివర బల్ల వేసుకున్నాడు. మిక్సరులో రెండే మీటలు పైకి లేచి ఉన్నాయి. ఒకటి భ్రమరాంబ మైకుది. రెండోది హార్మోనిస్టు సుభాని హార్మోనియం ముందు పెట్టిన మైకుది. రెండూ కలిసి స్పీకర్లలోకి పోతాయి, డిలే పెట్టెలోకీ పోతాయి. ఆ రోజుకి ఎకో లేదు. పెట్టె కోటిలింగం చెవికి మాత్రమే పని చేస్తోంది.

శాలువా కప్పించుకుని, దాన్ని తీసి సుభాని ఒళ్ళో పడేసి, భ్రమరాంబ జుట్టు విరబోసుకుంది. పిల్లవాడి బదులు తెల్లగుడ్డ చుట్టిన దిండు. ఎప్పుడూ అంతే. ఆ దిండుని చూసి ఏడవని ఊరు లేదు.

మొదటి పద్యం గడిచింది. వన్స్ మోర్ అన్నారు. మైకుకి మూతి ఆనించి రెండోసారీ పాడింది. హెడ్‌ఫోనులో ముందే విన్నాడు కాబట్టి కోటిలింగం తీరిగ్గా ఉన్నాడు. రెండో పద్యం ఎత్తుకుంది. ఆవిడకి పేరు తెచ్చింది అదే, చివర్లో రాగం పై షడ్జానికి పోయి నిలబడుతుంది.

స్టేజీ మీద ఆవిడ ఇంకా మొదటి పాదంలో ఉంది. అతని చెవిలో చప్పట్లు మోగాయి. వన్స్ మోర్, వన్స్ మోర్. మధ్యలో ఎవడో ఏదో అరిచాడు, మసకలో మాట తెలియలేదు. జనం గొల్లుమన్నారు. తర్వాత ఆవిడ గొంతు, పద్యం ఆఖరి పాదంలో. బాగా దూరంగా, గోనెపట్టా కింది నించి. క్లాకు ఇంకాస్త నిదానించినట్టుంది అనుకున్నాడు. గొంతు పైకి లేచింది, లేచింది, పై షడ్జం అందుకుంది. అక్కడ పాతచీర చింపిన చప్పుడు. ఆ తర్వాత హార్మోనియం ఒక్కటే మోగుతోంది.

కోటిలింగం లెక్క వేసుకున్నాడు. రెండో పద్యం వన్స్ మోర్‌లో చిరుగుతుంది. కారణం దొరికింది. వన్స్ మోర్ లేకపోతే చిరగదు. మైకు లేకపోతే వన్స్ మోర్ లేదు. మూడో వరస దాటని గొంతుతో ఆవిడ పాడదు, డాక్టరు మాట ఆవిడా విన్నది. ఇంత తేలిగ్గా ఉన్నందుకు అతనికి ఊపిరి వచ్చింది. మీట మీద వేలు పెట్టుకుని, మొదటిసారి పద్యం, రాగం పూర్తయ్యేదాకా ఆగాడు. ఆవిడ బాగా పాడింది. మైకు చేతే పాడించుకున్నట్టు, ముద్దుగా, గొంతుకి దెబ్బ తగలకుండా పాడింది. చప్పట్లు మోగాయి. వన్స్ మోర్ అన్నారు.

కోటిలింగం ఆవిడ మైకు మీట కిందికి లాగేశాడు.

భ్రమరాంబ ఊపిరి తీసుకుని మొదటి మాట అంది. అది ఎవరికీ వినపడలేదు. మైకుని తట్టింది. హాలు చివరికి చూసింది. కోటిలింగం రెండు చేతులూ పైకెత్తి, పోయిందన్నట్టు ఊపాడు.

గోడ దగ్గరి నించి ఎవడో అరిచాడు. "మైకు పోతే పద్యమూ పోయింది. పాడేది అమ్మ కాదంట్రా, మొగుడి పెట్టెనంట."

జనం గొల్లుమన్నారు.

భ్రమరాంబ కూడా నవ్వింది. మైకు స్టాండుని పక్కకి నెట్టింది. దిండుని చంకలో పెట్టుకుని స్టేజీ అంచుకి వచ్చి నిలబడింది. పాక కింద పెట్రోమాక్సు లైటు ముందర నిలబడ్డట్టే నిలబడింది. సుభాని శ్రుతి పట్టుకున్నాడు. ఆవిడ చివరి వరసకి గురిపెట్టి ఆఖరి పాదమే ఎత్తుకుంది.

చివరి వరసకి వినపడింది. వన్స్ మోర్ అన్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

కోటిలింగం హెడ్‌ఫోను తీసేశాడు. ఆవిడ మైకు మూసేసినా సుభాని మైకు తెరిచే ఉంది. ఆ మైకు ఎక్కడో పక్కనున్న ఆవిడ గొంతుని అందుకుని స్పీకర్లలోకి పంపుతోంది. దూరంగా, మసగ్గా. ఇందాక విన్న గొంతు ఇదే. క్లాకు తప్పేమీ లేదు. మైకు ఆపిన తర్వాతి గొంతుని అతను మైకు ఆపకముందు విన్నాడు.

"వొద్దే," అన్నాడు. రెండు కుర్చీలు తన్నుకుంటూ నడవలోకి వచ్చాడు. ఆవిడ చూసింది. మొగుడు తన పాటకి తట్టుకోలేక లేచి వస్తున్నాడనుకుంది. ఇంకా పైకి పోయింది. పై షడ్జం అందుకుంది.

పాతచీర చిరిగిన చప్పుడు.

ఆవిడ నోరు ఇంకా తెరిచే ఉంది, పెదాలు పద్యం చెబుతూనే ఉన్నాయి. సుభాని ఆవిడ ఊపిరి తీసుకుంటోందనుకుని షడ్జం మీద వేలు తియ్యకుండా తిత్తి ఊదుతూ కూర్చున్నాడు. దిండుకి చుట్టిన తెల్లగుడ్డ మీద ఎర్రచుక్కలు పడ్డాకే తీశాడు. జనం అది కూడా వేషంలో భాగమనుకున్నారు. ఆ హాల్లో అంత పెద్ద చప్పట్లు అంతకుముందు మోగలేదు.

డాక్టరు ఈసారి ఒక్క మాటే చెప్పాడు. గుసగుస కూడా రాదన్నాడు.

ఇంటికొచ్చాక కోటిలింగం పిల్లలు రాసుకునే రాతిపలక, బలపాల డబ్బా కొనుక్కొచ్చాడు. ఆవిడ అడక్కముందే చెప్పాడు. "ఫ్యూజు పోయిందే. సమయానికి పోయింది పాడుముండ."

భ్రమరాంబ తలూపింది. 

వారానికి సుభాని చూడ్డానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. కాసేపు ఏడ్చాడు, కళ్ళు తుడుచుకుని కాఫీ తాగాడు.

"ఒకటే అర్థం కాలేదన్నా నాకు," అన్నాడు కోటిలింగంతో. "ఫ్యూజు పోతే నా మైకు ఎట్టా పలికింది? నా హార్మోనియం స్పీకర్లో వస్తానే ఉంది గదా."

"దాని లైను వేరు," అన్నాడు కోటిలింగం.

"ఎప్పుడు వేరు చేశావ్? మిక్సరు ఒకటే గదా."

"నీకు తెలీదులే సుభానీ. నీ పని నువ్వు చూసుకో."

భ్రమరాంబ బత్తాయి తొక్క తీస్తోంది. చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది. ముప్ఫై ఏళ్ళు మైకు సెట్టువాడితో కాపరం చేసిన మనిషికి ఏ లైను ఎక్కడ కలుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రికి కోటిలింగం పెట్టె గుట్టు ఆవిడకి చెప్పేశాడు. ఓదార్పుగా చెప్పాడు, ఫ్యూజు మాట కదపకుండా. "నలభై సెకన్లు ముందు వినపడుద్ది. నీ గొంతు తిరిగొచ్చే రోజున ముందు నాకే తెలుస్తది." డాక్టర్లకి ఏం తెలుసన్నాడు. ఆవిడ అతన్నే చూస్తూ బలపం అందుకుంది. పలక తీసుకుని రాసింది: రేపట్నించి రోజూ విను.

అలా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడే బల్ల తుడిచేది. మైకు తన గడ్డం కింద పెట్టుకునేది. హెడ్‌ఫోను తీసి తన చేత్తో మొగుడి చెవులకి తగిలించేది. పలక ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని అతని మొహం చూసేది. గంటసేపు. అతనికి ఆవిడ ఊపిరి వినపడేది, ఫ్యాను వినపడేది, ఐసు బండి గంట వినపడేది. లేస్తానంటే భుజం పట్టుకుని కూర్చోబెట్టేది. అతని మొహంలో ఆవిడ ఏం వెతుకుతోందో అతనికి అర్థమయ్యేది కాదు. తన గొంతుని వెతుక్కుంటోందనుకునేవాడు.

పందొమ్మిదో రోజున హెడ్‌ఫోనులో బలపం గీసిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఒక గొంతు పలికింది. అతను ఉలిక్కిపడి ముందుకి వంగాడు. ఆవిడది కాదు, తనది.

"ఫ్యూజు పోలేదు. నీ మైకు నేనే ఆపాను."

మళ్ళీ బలపం. మళ్ళీ అదే మాట, కాస్త సన్నగిల్లి. మళ్ళీ అదే, ఇంకాస్త సన్నగిల్లి. ఎకో అనుకున్నాడు. ఎంతైనా డిలే పెట్టె కదా, తీగ ఏదో తిరగబడి ఒకే మాటని తిప్పుతోంది అనుకున్నాడు.

ఎదురుగా భ్రమరాంబ ఇంకా పలక ముట్టుకోలేదు. గడియారంలో ముల్లు తిరుగుతోంది. అతను పెదాలు బిగించాడు. తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. లేచి వీధిలోకి పోబోతే ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. గుండెకి అదుముకున్న స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. ఆవిడ పలక ఎత్తి నాలుగు మాటలు రాసి తిప్పింది.

కాలిన ఫ్యూజు ఏది? చూపించు.

పెట్టెలో అన్నదాన్ని అనకుండా ఉండటం అతనికి చేతకాలేదు. తువ్వాలు కిందికి జారింది.

"ఫ్యూజు పోలేదు," అన్నాడు. "నీ మైకు నేనే ఆపాను."

  భ్రమరాంబ చీర చెంగుతో పలక శుభ్రంగా తుడిచింది. అక్షరాలు కుదురుగా రాసి తిప్పింది.

వన్స్ మోర్.

అతను ఆవిడ మొహం చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ పలక దించలేదు. వద్దన్న నటి ఇంతవరకూ లేదు.

"ఫ్యూజు పోలేదు," అన్నాడు, గొంతు కాస్త సన్నగిల్లి. "నీ మైకు నేనే ఆపాను."

ఈసారి ఆవిడ పలక తుడవలేదు. దాన్ని అతనికి కనపడేటట్టు డిలే పెట్టెకి ఆనించి నిలబెట్టింది. కుర్చీ వెనక్కి జరుపుకుని, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిలా చేతులు కట్టుకుని కూర్చుంది.

హెడ్‌ఫోనులో అతని గొంతు ఇంకా చెబుతూనే ఉంది.